ప్రశ్నలోని చిక్కు: 1914 నాటి జిహాదు ఫత్వాల పరిశీలన

మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమై నాలుగు నెలలైనా నిండకముందే, 1914 నవంబరు 14వ తేదీన, ఇస్తాంబూల్ నగరంలోని ఫాతిహ్ మస్జిదులో అయిదు ఫత్వాలను చదివి వినిపించారు. వాటిని ఇచ్చినవారు ఉస్మానియా సామ్రాజ్యపు షేఖుల్ ఇస్లాం ముస్తఫా ఖైరీ ఎఫెందీ. చదివినవారు ఫత్వా కార్యాలయాధిపతి అలీ హైదర్ ఎఫెందీ. రష్యా, బ్రిటన్, ఫ్రాన్సు ప్రభుత్వాలపై జిహాదు చేయడం ముస్లిములందరికీ విధి అన్నది వాటి సారాంశం. రెండు నెలలు తిరిగేసరికి, 1915 జనవరిలో, హాలెండు దేశపు ప్రాచ్యవిద్యా పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యె ఒక డచ్చి పత్రికలో వీటిని ఖండిస్తూ పెద్ద వ్యాసం ప్రకటించాడు. ఆ వ్యాసం పేరుకు తెలుగు చేస్తే "జర్మనీలో తయారైన పవిత్రయుద్ధం" అవుతుంది. అదే సంవత్సరం అది ఇంగ్లీషులో పుస్తకంగా కూడా వెలువడింది.

అప్పటినుండి ఈ రెండు రచనలను జంటగానే చర్చిస్తూ వస్తున్నారు. ఒక పక్షంవారు ఫత్వాలను ఖలీఫా పిలుపుగా గౌరవిస్తారు. రెండవ పక్షంవారు వాటిని బెర్లిన్ నుండి దిగుమతి అయిన సరుకుగా కొట్టివేస్తారు. ఈ వాదోపవాదాలలో ఒక విశేషం ఉంది. ఇరుపక్షాలవారూ ముఫ్తీ ఏమి చెప్పాడన్నదే పట్టుకున్నారు. ముఫ్తీని ఏమి అడిగారన్నది పట్టించుకున్నవారు తక్కువ. కాని ఫత్వా అనేది ప్రశ్న, జవాబు కలిసిన రచన. ఈ అయిదు ఫత్వాలలోనైతే జవాబు ఒక్కొక్క మాట మాత్రమే, మిగిలినదంతా ప్రశ్నే. అందువలన ఈ రచనలను విమర్శించదలచినవారు ప్రశ్ననే విమర్శించాలి. జవాబులు చాలవరకు ధర్మశాస్త్రానికి లోబడే ఉన్నాయని, లోపమంతా ప్రశ్నలో ఉందని, ఆ లోపాన్ని ధర్మశాస్త్రమే పట్టివ్వగలదని ఈ వ్యాసంలో నిరూపించదలచాను.

ఫత్వాల స్వరూపం

మన దేశంలోని దారుల్ ఇఫ్తాలనుండి వెలువడే ఫత్వాలకు అలవాటుపడిన పాఠకులకు ఉస్మానియా ఫత్వా కొత్తగా కనిపిస్తుంది. ఇక్కడ ముఫ్తీ జవాబు వ్రాస్తాడు, దానికి ఆధారాలు చూపుతాడు, గ్రంథాల పేర్లు చెబుతాడు, ఒక్కొక్కప్పుడు ప్రశ్నకన్నా జవాబు పదింతలు ఉంటుంది. ఇస్తాంబూల్ ఫత్వా అందుకు తలక్రిందులుగా ఉంటుంది. అడిగిన వ్యక్తి విషయాన్ని ఫత్వా కార్యాలయంలోని లేఖకులు శాస్త్రపరిభాషలో పెట్టి, ఒకే దీర్ఘవాక్యంగా కూర్చి, చివర ఒక క్రియాపదంతో ప్రశ్నగా ముగిస్తారు. షేఖుల్ ఇస్లాం దాని క్రింద "ఒలుర్" అనో, "ఒల్మజ్" అనో వ్రాస్తాడు. కారణం చెప్పడు.

అనువాదకునిగా ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంది. యూరపు భాషలవారు ఈ "ఒలుర్" అనే మాటను "అవును" అని అనువదించారు. అది తప్పు కాదు గాని, మూలంలో ఉన్న పట్టు అందులో రాదు. తుర్కీలో "ఒల్మక్" అంటే అవడం. ప్రశ్న "ఒలుర్ మూ" అని ముగుస్తుంది. జవాబు "ఒలుర్" అని వస్తుంది. తెలుగులో దీనిని "అవుతుందా?" "అవుతుంది" అని యథాతథంగా చెప్పవచ్చు. తెలుగులాగే తుర్కీలో కూడా క్రియ వాక్యం చివర వస్తుంది. కనుక ఇన్ని షరతులు జరిగినప్పుడు, ఇన్ని పరిస్థితులు ఏర్పడినప్పుడు, ఫలానా విధి అవుతుందా అని అడిగే ఆ దీర్ఘవాక్యం మన భాషలో విరగకుండా నిలుస్తుంది. యూరపు అనువాదాలలో అది చిన్న చిన్న వాక్యాలుగా విడిపోయి, షరతులుగా ఉన్నవి సంఘటనలుగా మారిపోయాయి. "దాడి జరిగినప్పుడు" అన్నది "దాడి జరిగింది" అన్నట్టు వినిపించసాగింది. ఈ చిన్న తేడాలోనే మొత్తం వ్యవహారం ఇమిడి ఉంది.

అయిదు ప్రశ్నల సారాంశం ఇది. శత్రువులు ఇస్లాంపై దాడి చేసి, ముస్లిం దేశాలను ఆక్రమించి, ముస్లిములను బందీలుగా చేయడం నిర్ధారణ అయినప్పుడు, సుల్తాను సర్వజన సమీకరణకు ఆజ్ఞాపిస్తే, సూరా తౌబా 41వ ఆయతును అనుసరించి జిహాదు ప్రతి ముస్లిముపైన ఫర్జె ఐన్ అవుతుందా అన్నది మొదటిది. ఖిలాఫత్తుపై దాడి చేస్తున్న రష్యా, బ్రిటన్, ఫ్రాన్సుల పాలనలో ఉన్న ముస్లిములకు కూడా ఆ ప్రభుత్వాలపై తిరగబడడం విధి అవుతుందా అన్నది రెండవది. అట్టి సమయంలో వెనుకాడినవారు మహాపాపానికి గురి అవుతారా అన్నది మూడవది. ఆ ప్రభుత్వాల సైన్యాలలో ఉన్న ముస్లిములు, చంపుతామని బెదిరించినా సరే, ఇస్లామీయ సైన్యంతో పోరాడితే నరకశిక్షకు పాత్రులవుతారా అన్నది నాల్గవది. ఉస్మానియా రాజ్యానికి తోడ్పడుతున్న జర్మనీ, ఆస్ట్రియాలతో ఆ ముస్లిములు పోరాడితే, ఖిలాఫత్తుకు హాని కలిగించినందుకు కఠినశిక్షకు పాత్రులవుతారా అన్నది అయిదవది. అయిదింటికీ జవాబు ఒక్కటే: అవుతుంది, లేక అవుతారు.

హిదాయా చదివిన విద్యార్థి ఎవరైనా మొదటి జవాబును కాదనలేడు. జిహాదు సామాన్యంగా ఫర్జె కిఫాయా, అంటే కొందరు నెరవేర్చితే మిగిలినవారి బాధ్యత తీరిపోయే విధి. శత్రువు ముస్లింల గడ్డపై విరుచుకుపడి సర్వజన సమీకరణ జరిగితే అది ఫర్జె ఐన్ అవుతుంది. నాల్గవ జవాబు కఠినంగా కనిపించినా అదీ గ్రంథాలలో ఉన్నదే. చంపుతామని బెదిరించినా సాటి నిరపరాధిని చంపడానికి అనుమతి లేదని హనఫీ న్యాయవేత్తలు స్పష్టంగా చెప్పారు. అయితే బలవంతం చేసి హత్య చేయించినవాడిపైనే ప్రతిదండన పడుతుందని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆ సగం ప్రశ్నలో అడగలేదు, కనుక జవాబులో రాలేదు.

ఆగస్టు నుండి అక్టోబరు వరకు

మొదటి ప్రశ్నలో ఒక కీలకపదం ఉంది: "ముతహఖ్ఖిఖ్". నిజమని తేలినది, నిర్ధారణ అయినది అని అర్థం. దాడి నిర్ధారణ అయినప్పుడు అని ప్రశ్న అడిగారు. ఆ నిర్ధారణ ఎవరు చేశారు? ఎట్లా చేశారు? దీనికి సమాధానం కావాలంటే ఆ మూడు నెలల సంఘటనలను వరుసగా చూడాలి.

1912-13లో జరిగిన బాల్కన్ యుద్ధాలలో ఉస్మానియా రాజ్యం సలోనికాతో సహా యూరపులోని భూభాగాన్ని దాదాపు అంతా పోగొట్టుకుంది. తోడు లేని రాజ్యం మరొక యుద్ధాన్ని తట్టుకోలేదన్న భయం పాలకులందరిలోను ఉంది. మిత్రత్వం కొరకు వారు బ్రిటన్, ఫ్రాన్సు, రష్యాల తలుపులు కూడా తట్టారు, ఎవరూ తెరవలేదు. 1914 జూలై 28న ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 1న జర్మనీ రష్యాపైన, 3న ఫ్రాన్సుపైన ప్రకటించింది. 4న బ్రిటన్ జర్మనీపై ప్రకటించింది. ఈ మధ్యలో, ఆగస్టు 2న, ప్రధానమంత్రి సయీద్ హలీమ్ పాషా, జర్మన్ రాయబారి వాంగెన్‌హైమ్ ఒక రహస్య సంధిపై సంతకాలు చేశారు. మంత్రివర్గంలో అందరికీ దాని సంగతి తెలియదు. మరునాడే ప్రభుత్వం సాయుధ తటస్థతను ప్రకటించింది. అంటే లోకానికి చెప్పినది తటస్థత. పెట్టెలో ఉన్నది సంధి.

అదే రోజులలో బ్రిటన్ తన రేవులలో తయారవుతున్న రెండు ఉస్మానియా యుద్ధనౌకలను స్వాధీనం చేసుకుంది. వాటి ధరలో కొంత ప్రజలు చందాలు వేసుకుని కట్టినది. కనుక తుర్కీ ప్రజల ఆగ్రహం న్యాయమైనదే. ఆగస్టు 10న జర్మన్ యుద్ధనౌకలు గోబెన్, బ్రెస్లావు బ్రిటిష్ నౌకలను తప్పించుకుని డార్డనెల్స్ జలసంధిలో ప్రవేశించాయి. తటస్థ రాజ్యం వాటిని పంపివేయాలి, లేదా నిరాయుధం చేయాలి. అట్లా చేయకుండా వాటిని కొన్నట్టు ప్రకటించి, యావుజ్ సుల్తాన్ సలీం, మిదిల్లీ అని పేర్లు మార్చారు. జర్మన్ నావికులు రూమీ టోపీలు పెట్టుకున్నారు. వారి సేనాని సూషోన్‌కు సెప్టెంబరులో ఉస్మానియా నౌకాదళాన్నే అప్పగించారు.

సెప్టెంబరు రెండవ వారానికి యూరపులో యుద్ధగతి మారింది. తూర్పున టానెన్‌బర్గ్ వద్ద జర్మనీ రష్యాను ఓడించినా, పశ్చిమాన మార్న్ నది వద్ద జర్మన్ సేనలు వెనుకకు తగ్గవలసివచ్చింది. ఆరు వారాలలో ఫ్రాన్సును ముగించాలన్న పథకం చెడిపోయింది. యుద్ధం దీర్ఘకాలం సాగుతుందని తేలింది. రష్యాను దక్షిణాన, బ్రిటన్‌ను సూయజ్ వద్ద నిలవరించగల మిత్రుడు జర్మనీకి అప్పుడు అత్యవసరమయ్యాడు. ఉస్మానియా ప్రభుత్వం ఈ అవసరాన్ని గుర్తించి తన పని తాను చేసుకుంది. విదేశీయులకు శతాబ్దాలుగా ఉన్న ప్రత్యేక హక్కులను రద్దు చేస్తున్నట్టు సెప్టెంబరు 9న ప్రకటించింది. నెలాఖరున జలసంధిని మూసివేసింది. అక్టోబరులో జర్మనీ బంగారం రైళ్ళలో వచ్చింది.

అక్టోబరు 29న సూషోన్ నాయకత్వంలోని ఉస్మానియా నౌకలు నల్లసముద్రం దాటి ఒడెస్సా, సెవాస్టొపోల్, ఫియొదోసియా, నొవొరొసీస్క్ రేవులపై గుండ్లు కురిపించాయి. యుద్ధప్రకటన లేదు. దీనికి యుద్ధమంత్రి అన్వర్ పాషా రహస్యంగా అనుమతి ఇచ్చాడు. ఆర్థికమంత్రి జావిద్ బేతో సహా కొందరు మంత్రులు రాజీనామా చేశారు. రష్యా నౌకలే ముందుగా తమపై దాడి చేశాయని ప్రభుత్వ ప్రకటన చెప్పింది. నవంబరు 2న రష్యా, 5న బ్రిటన్, ఫ్రాన్సు యుద్ధం ప్రకటించాయి. 11న సుల్తాను యుద్ధాజ్ఞ, ఫత్వాలు సిద్ధమయ్యాయి.

ప్రశ్నలో లేనివి

హనఫీ ధర్మశాస్త్రంలో యుద్ధవ్యవహారాలకు సంబంధించిన భాగాన్ని సియర్ అంటారు. శాంతి ఒప్పందంలో ఉన్న జాతితో యుద్ధం చేయదలచిన పాలకుడు ముందుగా ఆ ఒప్పందం ముగిసిందని వారికి తెలియజేయాలని అందులో ఒక నియమం ఉంది. దీనిని నబ్జ్ అంటారు. దీనికి ఆధారం సూరా అన్‌ఫాల్ 58వ ఆయతు. అవతలివారికి ఆ వార్త చేరేంత వ్యవధి కూడా ఇవ్వాలని, లేకపోతే అది ద్రోహమవుతుందని హిదాయాలో ఉంది. అవతలివారే ముందుగా ద్రోహం చేస్తే మాత్రం ఈ నియమం వర్తించదు.

ఈ నియమాన్ని అక్టోబరు 29 నాటి సంఘటన ప్రక్కన పెట్టి చూడండి. ప్రభుత్వ ప్రకటన చెప్పినట్టు రష్యావారే ముందు కాల్చి ఉంటే నబ్జ్ అవసరం లేదు, మొదటి ఫత్వా సక్రమం. ఉస్మానియా నౌకలే ముందు కాల్చి ఉంటే, అది తెలియజేయకుండా చేసిన యుద్ధం. ఎవరు ముందు కాల్చారన్న ఒక్క వాస్తవంపై మొత్తం ధర్మనిర్ణయం ఆధారపడి ఉంది. సరిగ్గా ఆ వాస్తవమే ప్రశ్నలో లేదు. "నిర్ధారణ అయినప్పుడు" అన్న ఒక్క మాట క్రింద దానిని దాచివేశారు.

రెండవ లోపం ఇంతకన్నా స్పష్టమైనది. ముస్లిం దేశాలను ఆక్రమించినవారు శత్రువులని ప్రశ్న నిర్వచించింది. ఈ నిర్వచనం సామాన్యమైనది. తర్కం చదివినవారికి సామాన్యం తన పరిధిలోని ప్రతిదానికీ వర్తిస్తుందని తెలుసు. ముస్లిములు పెద్దసంఖ్యలో ఉన్న బోస్నియాను 1908లో తనలో కలుపుకున్నది ఆస్ట్రియా. 1911లో లిబియాపై దండెత్తినది ఇటలీ. ఈ నిర్వచనం ప్రకారం అవి రెండూ శత్రువులే. కాని అయిదవ ప్రశ్నలో ఆస్ట్రియా సహాయకుని స్థానంలో నిలిచింది. అప్పటికి తటస్థంగా ఉండి, ఎటు మొగ్గుతుందో తేలని ఇటలీ పేరు ఎక్కడా రాలేదు. తూర్పు ఆఫ్రికాలో జర్మనీ పాలనలో ఉన్న ముస్లిముల ప్రసక్తి కూడా లేదు. మొదటి ప్రశ్నలోని ధర్మసూత్రాన్ని అయిదవ ప్రశ్నలోని సంధిపత్రం మింగివేసింది.

మూడవది వరుసక్రమం. శత్రువుకు సమీపంలో ఉన్నవారిపై విధి ముందు పడుతుంది. వారు చాలనప్పుడు వారి తరువాతివారిపై, ఆ తరువాత ఇంకా దూరపువారిపై పడుతుంది. ప్రతివానిపైనా శక్తిమేరకే పడుతుంది. డెమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ పందొమ్మిదవ శతాబ్దంలో దీనిని విపులంగా వ్రాశాడు. ఇస్తాంబూల్ ఫత్వా కార్యాలయంలో ఆయన గ్రంథం తెలియనివారు ఉండరు. అయినా రెండవ ప్రశ్న ఆ క్రమాన్ని ఒక్కసారిగా దాటి, వేల మైళ్ళ దూరాన పరాయి పాలనలో నిరాయుధులుగా ఉన్నవారిని తిరగబడమంది. 

ఖాజీకి, ముఫ్తీకి మధ్య ఉన్న భేదం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఖాజీ సాక్షులను పిలుస్తాడు, వాస్తవాన్ని విచారిస్తాడు, తరువాత తీర్పు ఇస్తాడు. ముఫ్తీ తన ముందు పెట్టిన పరిస్థితి నిజమే అనుకుని దానికి శాస్త్రం ఏమి చెబుతుందో తెలుపుతాడు. పదమూడవ శతాబ్దపు మాలికీ పండితుడు ఖరాఫీ ఈ భేదంపైనే ఒక గ్రంథం వ్రాశాడు. కనుక ఫత్వా నిజాయితీ అడిగినవాడి నిజాయితీని మించి ఉండదు. 1914లో అడిగినది ప్రభుత్వం. షేఖుల్ ఇస్లాం ఆ ప్రభుత్వ మంత్రివర్గంలో సభ్యుడు. అడిగినవారు, చెప్పినవారు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవారు. వాస్తవాన్ని విచారించే మూడవ వ్యక్తి ఆ గదిలో లేడు.

స్నూక్ చేసిన విమర్శ

ఇక స్నూక్ వ్యాసాన్ని చూద్దాం. ఆయన సామాన్యుడు కాడు. 1885లో మక్కాలో నివసించి ఆ నగరాన్ని గురించి వ్రాసినవాడు, అరబీ ధర్మశాస్త్ర గ్రంథాలు మూలంలో చదివినవాడు. తుర్కీ నవ్యనాయకులు మతభేదం లేని పౌరసత్వం గురించి మాట్లాడుతూనే ఈ ఫత్వాలను తెచ్చారని, జర్మన్ పండితులు తమ విద్యను యుద్ధప్రచారానికి తాకట్టు పెట్టారని ఆయన ఆరోపించాడు. రెండవ ఆరోపణలో బలం ఉంది. దౌత్యవేత్త ఓపెన్‌హైమ్ శత్రువుల ముస్లిం వలసలలో తిరుగుబాట్లు లేవదీయడానికి 1914లోనే ఒక పథకం వ్రాసి తన ప్రభుత్వానికి ఇచ్చాడు. బెర్లిన్‌లో దానికొక కార్యాలయం వెలసింది. నగరానికి దక్షిణాన వున్స్‌డార్ఫ్‌లో ముస్లిం యుద్ధఖైదీల కొరకు ఏర్పాటు చేసిన శిబిరంలో 1915లో కొయ్యతో మస్జిదు కట్టించి, వారి మనసులు మార్చడానికి పత్రికలు కూడా నడిపారు. స్నూక్ మిత్రుడైన జర్మన్ పండితుడు బెకర్ ఆయనకు జవాబు వ్రాశాడు గాని, ఈ పనిని పూర్తిగా కప్పిపుచ్చలేకపోయాడు.

అయినా స్నూక్ విమర్శ రెండు విధాల కుంటుపడింది. ఒకటి, ఆయన తుర్కులను చేతితో ఆడించే బొమ్మలుగా చూశాడు. ఉస్మానియా దఫ్తరాలను పరిశీలించి ముస్తఫా అక్సకాల్ 2008లో ప్రకటించిన గ్రంథం ఈ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చింది. ఇస్తాంబూల్ నాయకులు తమ రాజ్యరక్షణను తామే లెక్క వేసుకున్నారు. జర్మనీతో సంధి కోరినది వారే. జూలై 22న అన్వర్ చేసిన ప్రతిపాదనకు వాంగెన్‌హైమ్ మొదట సుముఖంగా లేడు. కైజర్ కలుగజేసుకున్న తరువాతనే పని సాగింది. యుద్ధంలో జిహాదు పేరు ఎత్తడం ఉస్మానియా సుల్తానులకు పూర్వంనుండి ఉన్న ఆచారమే. దానిని వారికి జర్మనీ నేర్పలేదు. ఫత్వా బాధ్యతను జర్మనీపైకి నెట్టినవారు, నిందతోపాటు బుద్ధిని కూడా తుర్కులనుండి తీసివేశారు.

రెండవది మరింత ముఖ్యం. స్నూక్ అనేక సంవత్సరాలు తూర్పు ఇండీస్‌లో డచ్చి ప్రభుత్వానికి సలహాదారు. ఆచే ప్రజలతో ఆ ప్రభుత్వం సాగించిన దీర్ఘయుద్ధంలో ఆయన సలహాలు పనిచేశాయి. ఖలీఫా పిలుపు తన ప్రభుత్వపు ముస్లిం ప్రజల చెవిని పడరాదన్నదే ఆయన అసలు ఆందోళన. అందుచేత ఆయన జిహాదు అనే భావననే మధ్యయుగాల అవశేషంగా ప్రక్కకు పెట్టాడు. అట్లా పెట్టినందువలన, అదే శాస్త్రంలో ఉన్న నబ్జ్ నియమాన్ని, సమీపక్రమాన్ని ఈ ఫత్వాలకు ఎదురుగా నిలబెట్టే అవకాశాన్ని వదులుకున్నాడు. శాస్త్రాన్ని అంతగా చదివినవాడు శాస్త్రాన్నే సాక్షిగా పిలవలేదు. "ఈ సరుకు ఎవరిది?" అని అడిగాడే గాని, "ఈ తూకం సరియైనదేనా?" అని అడగలేదు.

మన దేశంలో ఈ పిలుపు

ఈ ఫత్వాలు ఉర్దూలోకి కూడా అనువాదమయ్యాయి. ఎవరిని ఉద్దేశించి అనువదించారో చెప్పనక్కరలేదు. భారత సైన్యంలో ముస్లిం సిపాయిలు పెద్దసంఖ్యలో ఉన్నారు. 1914 సెప్టెంబరు 26న వారి మొదటి దళాలు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగాయి. అక్టోబరు 31న బెల్జియంలో జర్మన్ల దాడికి ఎదురునిలిచిన ఖుదాదాద్ ఖాన్ అనే సిపాయికి విక్టోరియా క్రాస్ లభించింది. దానిని పొందిన మొదటి భారతీయ సిపాయి ఆయన. రెండు వారాల తరువాత అయిదవ ఫత్వా అటువంటివారికి కఠినశిక్ష తప్పదన్నది. నవంబరు 6న మరొక భారత దళం ఇరాఖు తీరాన ఫావ్ వద్ద దిగి, ఆ నెలలోనే బస్రా చేరింది. వారి విషయం నాల్గవ ఫత్వా క్రిందికి వస్తుంది.

మన నాయకులు ఈ సంకటాన్ని ముందే ఊహించారు. మౌలానా ముహమ్మద్ అలీ, డాక్టర్ అన్సారీ యుద్ధంలో దిగవద్దని ఇస్తాంబూల్‌కు తంతి ఇచ్చారు. ముహమ్మద్ అలీ సెప్టెంబరులో తన కామ్రేడ్ పత్రికలో తుర్కుల కష్టాలను వివరిస్తూ దీర్ఘవ్యాసం వ్రాసినందుకు ప్రభుత్వం ఆ పత్రిక ధరావతును జప్తు చేసింది. నవంబరులో అబుల్ కలామ్ ఆజాద్ నడిపిన అల్‌హిలాల్‌కు కూడా అదే గతి పట్టింది. 1915 మే నెలలో అలీ సోదరులను నిర్బంధించారు. అరేబియాలోని పుణ్యస్థలాలపై దాడి చేయబోమని వైస్రాయి హార్డింజ్ వాగ్దానం చేయవలసి వచ్చింది.

హైదరాబాదులో అదే నవంబరులో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక ప్రకటన వెలువరించాడు. బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రులుగా ఉండడం ముస్లిముల ధర్మమని అందులో ఉద్బోధించాడు. ఆయన గుర్రపు దళం ఈజిప్టుకు వెళ్ళి సూయజ్ కాలువ రక్షణలో, ఆ తరువాత ఖలీఫా సైన్యానికి ఎదురుగా నిలిచింది. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకంలో ఉన్న మూడు విగ్రహాలలో ఒకటి ఆ హైదరాబాదు దళానిదే. ఈ ప్రకటనను ఇస్తాంబూల్ ఫత్వాల ప్రక్కన పెట్టి చదివితే రెండింటి తయారీ ఒకటే అని తెలుస్తుంది. ఆయన కూడా ధర్మం పేరుతో జవాబు చెప్పాడు. తాను ఎవరి అండతో సింహాసనంపై ఉన్నాడో, కాదంటే ఏమవుతుందో ప్రశ్నలో చెప్పలేదు. 1918లో ఆయనకు ప్రభుత్వం అసామాన్య బిరుదులు ఇచ్చి గౌరవించింది.

ఈ రెండు పిలుపుల మధ్య నలిగినవాడు సిపాయి. 1915 ఫిబ్రవరి 15న సింగపూరులో ముస్లిం సిపాయిల పటాలం తిరుగబడింది. తమను తుర్కులపైకి పంపుతారన్న వదంతి అందుకు ఒక కారణం. నిజానికి వారిని పంపదలచినది హాంకాంగుకు. నలభైమందికి పైగా సిపాయిలను జనం చూస్తుండగా గోడకు నిలబెట్టి కాల్చివేశారు. 1916 ఫిబ్రవరిలో బస్రాలో మరొక ముస్లిం గుర్రపు దళం పుణ్యస్థలాలవైపు తుర్కులపై నడవడానికి నిరాకరించి శిక్ష అనుభవించింది. వీరికి ఫత్వా నాల్గవ ప్రశ్న నరకం చూపింది. ప్రభుత్వం తుపాకీ చూపింది. వీరు మాత్రం రెండింటిలో దేని ప్రశ్నను కూర్చడంలోనూ పాలుపంచుకోలేదు.

ఖలీఫా సొంత సైన్యం గతి కూడా చెప్పుకోవాలి. డిసెంబరు చివర అన్వర్ పాషా స్వయంగా నడిపిన మూడవ సైన్యం సరీకమిష్ కొండలలో మంచులో చిక్కుకుని నాశనమయ్యింది. రష్యావారి గుండ్లకన్నా చలికి, జ్వరాలకు పోయినవారే ఎక్కువ. ఇక ముస్లిం ప్రపంచం నాలుగు చెరగులా లేస్తుందన్న అంచనా నెరవేరలేదు. మక్కా షరీఫు హుసేన్ ఈ పిలుపును బలపరచకుండా కాలం గడిపి, 1916 జూన్‌లో ఖలీఫాపైనే తిరుగబడ్డాడు. అన్వర్ యుద్ధం లేకున్నా ఆ సామ్రాజ్యం నిలిచేది కాదని కొందరు అంటారు. అది వాదాంశమే. ఒక్కటి మాత్రం స్పష్టం. 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయ్యేనాటికి, జిహాదు అనే మాటను రాజ్యాలు ఎట్లా వాడుకుంటాయో లోకమంతా చూసి ఉంది. ఆ మాటకు ఈనాటికీ అంటుకుని ఉన్న అపార్థంలో కొంత భాగం 1914లో ఇస్తాంబూల్‌లోనూ, బెర్లిన్‌లోనూ పుట్టినది.

పాఠకులు గ్రహించవలసినది

శాస్త్రాన్ని గౌరవించేవారు ఈ అయిదు ఫత్వాలను చదివి సిగ్గుపడవలసిన పని లేదు, సమర్థించవలసిన పని కూడా లేదు. శాస్త్రం తన ముందు పెట్టిన దానికి జవాబు చెప్పింది. దాని ముందు పెట్టనిది రహస్యసంధి, రేవులపై కురిసిన గుండ్లు, బోస్నియా, లిబియా. అవి కూడా ప్రశ్నలో ఉండి ఉంటే, అదే హిదాయా, అదే ఇబ్నె ఆబిదీన్ వేరొక జవాబు చెప్పి ఉండేవారు. ఖండించవలసినది వాస్తవాన్ని దాచి ధర్మాన్ని అడగడం.

ఈ పాఠం ఆ కాలానికే పరిమితం కాదు. ఈనాడు మన తెలుగులో ఫత్వాలను ప్రకటించేటప్పుడు స్థలాభావం పేరుతో ప్రశ్నను రెండు మాటలకు కుదించి, జవాబును మాత్రం పూర్తిగా వేయడం కనిపిస్తుంది. పాఠకుడు జవాబును కంఠస్థం చేసి, తనకు తోచిన చోటల్లా వర్తింపజేస్తాడు. ప్రశ్న లేని జవాబు ఎవరి చేతికైనా అందే ఆయుధం. కనుక అనువాదకుడు ప్రశ్నను పూర్తిగా తెలుగు చేయాలి. షరతును షరతుగా, "అయినప్పుడు" అన్నదానిని "అయినప్పుడు" అనే వ్రాయాలి. అడిగినవారు ఎవరో, ఏ సందర్భంలో అడిగారో చెప్పాలి. పాఠకుడు కూడా ఏదైనా ఫత్వా తన ముందుకు వచ్చినప్పుడు, ముఫ్తీ ఏమన్నాడని అడగడానికి ముందు, ముఫ్తీకి ఏమి చెప్పారని అడగడం అలవాటు చేసుకోవాలి.